కాస్పర్ రుచి చూడని మాంసం

జనవరి 17

ఈ రోజు లవాన్ పోయింది.

పొద్దున నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం తలవైపు ఎత్తి ఆమెను కూర్చోబెట్టారు. కాఫీ అడిగింది. ఇవ్వకూడదన్నారు. తడి స్పాంజితో పెదాలు తుడిచారు. కిటికీలోంచి మంచు తోసే బండి కనిపిస్తోంది. దాన్నే చూస్తూ, "కాస్పర్‌కి పొద్దున ఎవరు పెట్టారు?" అంది. నేనే పెట్టానన్నాను. "తిన్నాడా?" తిన్నాడన్నాను. "మరి నువ్వు?" తిన్నానన్నాను. ఆ తర్వాత నిద్రపోయింది.

మధ్యాహ్నం ఆమె చెల్లెలు, నా మరదలు ఆర్డిస్ వచ్చింది. చెరో పక్క కూర్చున్నాం. వెలుగు తగ్గుతుండగా ఊపిరి ఆగింది. నర్సు వచ్చి చూసి, గడియారం చూసి, రాసుకుంది.

ఇంటికి వచ్చాను. తలుపు తీయగానే కాస్పర్ తోక ఊపుకుంటూ వచ్చి నన్ను చూశాడు. తర్వాత నా వెనక చూశాడు. వాడి గిన్నె నింపాను. తిన్నాడు.

జనవరి 21

చర్చిలో ప్రార్థన జరిగింది. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి పూడ్చడం మే నెలలో. అప్పటిదాకా పేటిక శ్మశానం దగ్గరి రాతిగదిలో ఉంటుంది. ఈ ఊళ్ళో చలికాలంలో పోయిన వాళ్ళందరికీ అంతే. పాస్టర్ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. ఉద్యోగం చేసినంత కాలం ఇక్కడి పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. నీరు గడ్డకట్టడం గురించి నాకు గుసగుసగా చెప్పనక్కర్లేదు.

జనవరి 25

ఇరుగుపొరుగు నుంచి హాట్‌డిష్‌లు, ఒకే పళ్ళెంలో అన్నీ కలిపి ఓవెన్‌లో వండినవి, వస్తూనే ఉన్నాయి. ఖీమా, నూడుల్స్, డబ్బా పుట్టగొడుగుల సూపు, పైన చీజ్. కోడి, నూడుల్స్, డబ్బా పుట్టగొడుగుల సూపు, పైన చీజ్. ప్రతి పళ్ళెం అడుగునా ఎవరి పేరు వాళ్ళు టేపు మీద రాసి అంటించారు. "నిన్ను పస్తుండనివ్వం ఆర్విడ్," అని గుమ్మంలోనే అంటారు. పళ్ళెం తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఉండాలి. లేకపోతే నొచ్చుకుంటారు.

అన్నీ ఖాళీగానే ఇస్తున్నాను. బాగానే తింటున్నాను.

జనవరి 28

ఇంకో నాలుగు పళ్ళేలు తిరిగి ఇచ్చాను. కాస్పర్ కొంచెం సాయం చేశాడు.

ఫిబ్రవరి 2

కాస్పర్‌కి విరేచనాలు. వంటింట్లో, హాల్లో, మెట్ల దగ్గర. అచ్చం నీళ్ళలా. నిన్న కూడా ఇంతే, మొన్న కూడా. తుడిచాను. వాడు మూల నిలబడి గోడకేసి చూస్తున్నాడు. "పర్లేదురా," అన్నాను. ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఫిబ్రవరి 6

పశువుల డాక్టరు ప్రూయిట్ దగ్గరికి తీసుకెళ్ళాను. టెక్సాస్ నుంచి వచ్చిన పిల్ల, ఇక్కడ ఇది రెండో చలికాలం. తెల్ల కోటు కింద రెండు స్వెటర్లు.

"ఏం పెడుతున్నారు ఆర్విడ్ గారూ?"

"వాడి తిండే. సంచిలో వచ్చే గుళికలు."

"ఇంకేమీ లేదా?"

"కొంచెం అవీ ఇవీ."

"అవీ ఇవీ అంటే?"

చెప్పాను. రాయడం ఆపి నా వైపు చూసింది. "క్రీము, చీజు, ఉల్లిపాయా? కుక్కకి ఉల్లిపాయ విషమండీ! ఇది కుక్క తిండి కాదు, పెళ్ళి భోజనం."

"చావు భోజనం," అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. సరదాకే అన్నానని చెప్పాల్సింది.

రక్తం తీసింది. చర్మం లేని కోడి, మెత్తగా ఉడికించిన అన్నం, ఒక చెంచా గుమ్మడి గుజ్జు. కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగు సార్లు పెట్టమంది.

ఫిబ్రవరి 13

పురుగులు లేవు. రక్తం బాగుంది. క్లోమం బాగుంది. వాడు బాగాలేడు.

ఫిబ్రవరి 20

కాస్పర్ వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. లాబ్రడార్ కుక్కకు వెన్నుపూసలు ఉంటాయని ఇన్నేళ్ళలో నేను ఎరగను.

డాక్టరు కింద కూర్చుని వాడి కడుపు నిమురుతూ చెప్పింది. "గుళికల్లో ఉన్నది కోడి. నేను పెట్టమన్నదీ కోడే. పేగు ఒక్కోసారి ఎన్నో ఏళ్ళుగా తింటున్న దాని మీదే తిరగబడుతుంది. వీడు పుట్టాక ఎన్నడూ తినని మాంసం ఒకటి కావాలి. అదీ, అన్నం, నేనిచ్చే పొడి. వేరే ఏదీ ఒక్క తునక కూడా వద్దు. ఎవరు బతిమాలినా వద్దు. వీడు బతిమాలినా వద్దు."

"పట్టకపోతే?"

"యూనివర్సిటీ పశువుల ఆసుపత్రికి పంపాలి. కెమెరా దించి, పేగు ముక్క తీసి చూస్తారు. అక్కడ ఏం దొరుకుతుందోనని నాకో భయం ఉంది. ఇప్పుడే చెప్పను."

"చెప్పండి."

"క్యాన్సర్."

లవాన్‌ది అది కాదు, గుండె. అయినా ఆ మాట విని కుర్చీ అంచు పట్టుకున్నాను. ఆమె కుక్క ఇది. ఎనిమిదేళ్ళ కింద కోటు జేబులో పెట్టుకుని తెచ్చింది. మే నెలలో నేల మెత్తబడ్డ రోజున వీడు నా పక్కన నడుస్తూ ఆమె దగ్గరికి రావాలి. అదే నా నిర్ణయం.

వాడు ఎన్నడూ తినని మాంసం ఏమిటని దారంతా ఆలోచించాను. జింక. ఫ్రీజర్ నిండా ఉంది. అదృష్టం. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే, ఎన్నడూ తినలేదా అని డాక్టరు అడిగింది, తినలేదన్నాను.

ఫిబ్రవరి 24

జింక, అన్నం. కొంచెం నయమనిపిస్తోంది.

ఫిబ్రవరి 26

నయమే అనుకుంటాను.

మార్చి 2

నయం కాదు. రక్తం కూడా పడింది. గిన్నె వైపు చూసి తల తిప్పుకున్నాడు. వేలితో నాకించాను.

మార్చి 4

ఆదివారం. ఎప్పటిలాగే ఆర్డిస్ వచ్చింది. పొయ్యి మీద ఏముందని మూత తీసింది.

"జింకా? ఎన్నడూ తినని మాంసం పెట్టమంటే జింక పెడుతున్నావా? ప్రతి నవంబర్లో మీ గ్యారేజీలో మా ఆయన జింకను కోస్తుంటే బల్ల కింద కూర్చునేది ఎవరు, నువ్వా?"

"అవి కింద రాలిన ముక్కలు."

"రాలినవి కడుపులోకి కాక చెవుల్లోకి పోతాయా?"

నిజమే. డాక్టరు అడిగినప్పుడు గ్యారేజీ నా తలలోకే రాలేదు. మాంసం అంటే కొట్లో కొన్నది. జింక అంటే జింక. ఈ ఊళ్ళో ఎవరినడిగినా ఇలాగే చెబుతారు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను ఇంకొంచెం నమ్మకంగా చెప్పాను.

ఇద్దరం ఫ్రీజర్ తెరిచి నిలబడ్డాం.

"బాతు?" అంది.

"నీళ్ళలోంచి పట్టుకొచ్చేదే వాడు."

"చేప?"

"గడ్డకట్టిన చెరువు మీద గాలం వేసి కూర్చున్నప్పుడు నాకంటే ఎక్కువ తిన్నాడు."

"టర్కీ, పంది, గొడ్డు... సరే. ఎలుగుబంటి?"

"మీ ఆయన సాసేజ్ చేసిన ఏడాది తిన్నాడు."

"అయితే ఇక మిగిలింది పాస్టరే."

కాస్పర్ మా ఇద్దరి మధ్య నిలబడి చలిగాలి వాసన చూస్తున్నాడు. ఆర్డిస్ ఫ్రీజర్ మూత దబ్బున వేసింది.

"మేక!"

"మేకను ఇక్కడ ఎవరు తింటారు?"

"ఎవరూ తినరు. నీకు కావలసింది అదేగా! టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో సోమాలీ వాళ్ళ మాంసం కొట్టు ఉంది. వెళ్ళు."

మార్చి 6

వెళ్ళాను. కొట్టంతా యాలకుల వాసన. కత్తి దగ్గర నిలబడింది ఒక నడివయసావిడ, పేరు హోదన్. తలకు పచ్చ రుమాలు.

"ఏం కావాలి బాబాయ్?"

"మేకమాంసం. ఎముక వద్దు. కొవ్వు వద్దు."

"ఎముకా లేక, కొవ్వూ లేక, ఇంకెందుకు తినడం? పథ్యమా?"

"అవును."

"అయ్యో. ఇంట్లో ఎవరికి బాగోలేదు?"

"కాస్పర్‌కి." ఆమె ఇంకా చూస్తోంది. "కుక్క."

కత్తి ఆగింది. వెనక్కి తిరిగి తెర అవతలికి ఏదో కేకేసింది. లోపల ఎవరో పెద్దావిడ నవ్వు, దాని వెనకే తిట్లలాంటివి వినిపించాయి.

"మా అమ్మ. రెండు రోజులుగా తొడ కావాలంటుంటే అమ్మకానికని దాచాను. ఇప్పుడది కుక్కకి పోతోందంటే నన్ను ఇంట్లోకి రానివ్వదట."

"ఇవ్వరా?"

"ఇవ్వనన్నానా? ఎంత కావాలి?"

"మే నెల దాకా సరిపడా."

"అంతా! ఒక కుక్కకి! మీ ఆవిడ ఏమీ అనదా?"

"ఆమె కుక్కే," అన్నాను. "జనవరిలో పోయింది. ఆమె."

హోదన్ తన భాషలో చిన్న మాట ఒకటి అంది. దాంట్లో దేవుడి పేరు ఉంది. ఆ తర్వాత నవ్వలేదు. సన్నటి కత్తి తీసుకుని కొవ్వు పొరలు ఒక్కొక్కటే ఒలిచింది. పొట్లం నా చేతికిస్తూ, "సగం వాడికి, సగం మీకు," అంది. "వాణ్ణి నేను చూడలేదు. మీరు మాత్రం ఎముకల గూడులా ఉన్నారు బాబాయ్."

మార్చి 7

మాంసం ఉడికించి గిన్నె వరండాలో పెట్టాను. చలికి మిగిలిన కొవ్వంతా పైకి తేలి గట్టిపడింది. తెల్లటి రేకులా ఎత్తి పారేశాను. అన్నం గింజ మెదిగేదాకా ఉడికించాను. డాక్టరిచ్చిన పొడి కలిపాను.

వాడు వాసన చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. గిన్నె వంటింట్లోంచి హాల్లోకి జారిపోయేదాకా నాకాడు.

గిన్నెలో మిగిలింది చెంచాతో రుచి చూశాను. ఉప్పు వేసుకుని ఇంకొంచెం తిన్నాను. తర్వాత పళ్ళెం తీసుకుని, కూర్చుని తిన్నాను.

మార్చి 11

మెత్తగానే ఉంది. కాని ఒక ఆకారం ఉంది.

మార్చి 15

గట్టిది!

గోధుమ రంగు. ముద్దగా, పొందికగా, మంచు మీద. సంచీ చేత్తో పట్టుకుని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఇంటివైపు తిరిగి లవాన్‌ని పిలవబోయాను.

తర్వాత సంచీలోకి ఎత్తి లోపలికి వచ్చాం.

మార్చి 19

మళ్ళీ నీళ్ళు. నేనేమీ మార్చలేదు.

మార్చి 22

గట్టిది.

మార్చి 26

నీళ్ళు. మాంసం అదే. అన్నం అదే. పొడి అదే. ప్రయోగం చెడితే ఏది మారిందో చూడమని పిల్లలకు చెప్పేవాణ్ణి. మారింది వారం ఒక్కటే. రెండుసార్లూ సోమవారమే.

సోమవారానికి ముందు ఆదివారం వస్తుంది. ఆదివారం ఒక మనిషి వస్తుంది.

ఏప్రిల్ 1

ఈస్టర్. ఆర్డిస్ లెఫ్సే రొట్టెలు కాల్చి తెచ్చింది. వెన్న, చక్కెర రాసి చుట్టలు చుట్టి. కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, బూట్లు విప్పి, మేజోళ్ళతో చప్పుడు కాకుండా వెనక్కి వచ్చాను.

"ఆర్డిస్."

"ఏంటి?"

"చెయ్యి."

"చేతికేం? చలికి బిగుసుకుపోయింది."

"బల్ల కింద వెచ్చగా ఉందా?"

కాస్పర్ మూతి నాక్కుంటూ బయటికి వచ్చాడు. మీసాల మీద చక్కెర. వాడికి అబద్ధం చేతకాదు.

"ఒక్క తునక! కొసన మాడిన ముక్క!"

"ఒక్క తునక కూడా వద్దని ఫ్రిజ్ మీద రాసి అంటించాను."

"నువ్వు బోర్డు మీద రాసినవి మీ పిల్లలు వినేవాళ్ళేంటి?"

"వాణ్ణి చంపుతావా?"

అనకుండా ఉండాల్సింది. కప్పు కింద పెట్టింది.

"జనవరి నుంచీ వండి తెస్తున్నాను. 'బాగుంది ఆర్డిస్, థాంక్యూ' అంటావు. పళ్ళెం తళతళా తోమి ఇస్తావు. నువ్వు తినట్లేదని నాకు తెలియదనుకున్నావా? మా అక్క పోయాక నా చేతి వంట తినేవాడు వీడొక్కడు! వీడు తోకన్నా ఊపుతాడు. నువ్వు అదీ చెయ్యవు."

లేచి వెళ్ళి పొయ్యి మీది గిన్నెలోంచి రెండు పళ్ళేల్లో మేకమాంసం, అన్నం పెట్టి తెచ్చాను. ఒకటి ఆమె ముందు పెట్టాను. ఒకటి నా ముందు.

"ఇది... అదేనా?"

"అదే."

"కళ్ళు మూసుకుని తినాలా?"

"నీ ఇష్టం."

నేను తినడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు నన్నే చూసింది, ఏదో వింత చూస్తున్నట్టు. నేను నమిలి మింగే వరకు చూసింది. అప్పుడు తన ముక్క తిని, కళ్ళు తుడుచుకుని, "ఇంత చప్పగా ఎవడన్నా వండుతాడా!" అంది. "పాపం మేక, ఊరికే చచ్చింది. రేపు నేను వండుతాను. వీడిది తీసి పక్కన పెట్టాక మన గిన్నెలో మిరియాలేస్తాను."

ఏప్రిల్ 2

నీళ్ళే. లెఫ్సే ఖాతా. ఆర్డిస్ వచ్చి వండింది. తోక ఊపలేను కాబట్టి రెండోసారి పెట్టించుకున్నాను.

ఏప్రిల్ 9

సోమవారం. గట్టిది!!

ఆర్డిస్‌కి ఫోన్ చేశాను. "గట్టిదా? నిజంగా?" అని అరిచింది. చర్చిలో ఆడవాళ్ళ సమావేశంలో ఉందట. అక్కడే అందరికీ చెప్పింది. ఫోనులోంచి చప్పట్లు వినిపించాయి.

ఏప్రిల్ 16

ఇది కూడా.

ఏప్రిల్ 24

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తూకం మీద కాస్పర్ కుదురుగా నిలబడలేదు, ఆమె చెవులు నాకబోయాడు. అంకె చూసి డాక్టరు మళ్ళీ తూచింది. మళ్ళీ అదే. తలుపు తీసి, "అందరూ ఇలా రండి," అని లోపలి వాళ్ళని పిలిచింది.

"కెమెరా అక్కర్లేదు," అంది. "ఏమీ అక్కర్లేదు. ఏం పెట్టారు?"

"మేక. దానికి ముందు జింక పెట్టి చెడగొట్టాను."

"జింక ఎన్నడూ తినలేదన్నారుగా?"

"ప్రతి ఏడూ తిన్నాడు. ఇక్కడ జింక మాంసం కింద లెక్క కాదు."

ఆమె నా ముఖంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదని తెలుసుకుని తల పట్టుకుంది. "మా టెక్సాస్‌లో మేక లేని ఇల్లుండదు, నాకా ముక్క తట్టలేదు. ఇకనుంచి ఈ ఊళ్ళో రెండు ప్రశ్నలడుగుతాను. ఏ మాంసం తిన్నాడు అని ఒకటి. జింక తిన్నాడా అని ఇంకొకటి."

బయటికి రాగానే కాస్పర్ ఒక ఉడుతను చూశాడు. పార్కింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నన్ను ఈడ్చుకుపోయాడు. టోపీ ఎక్కడో పడింది. ఎంత బలం! వెనక్కి వెళ్ళి టోపీ తెచ్చుకుంటూ గట్టిగా నవ్వాను. ఎవరో చూశారు. చూడనీ.

మే 3

పాస్టర్ ఫోన్ చేశాడు. నేల మెత్తబడింది. లవాన్‌ని పన్నెండున, శనివారం పొద్దున పూడుస్తారు. తర్వాత చర్చి కింది హాల్లో భోజనం.

ఆ భోజనాల పెత్తనం ఆర్డిస్‌ది. పందిమాంసం హ్యామ్ పెట్టిన బన్నులు, బంగాళాదుంప సలాడ్, హాట్‌డిష్‌లు అని వేళ్ళ మీద చెప్పి, "కాస్పర్‌ని ఇంట్లో ఉంచు," అంది.

"వాడు వస్తాడు."

"ఆర్విడ్, అక్కడ హాలు నిండా ముసలమ్మలు! ప్రతి చేతిలోనూ ఒక హ్యామ్ ముక్క. నేనంటే ఒక్కదాన్ని, పట్టుకున్నావు. వాళ్ళందరినీ ఎలా పట్టుకుంటావు?"

ఆలోచించాను. "అయితే హ్యామ్ వద్దు."

"ఏంటీ?"

"వాడికి పడనిది ఆ గదిలోనే ఉండకూడదు. అందరికీ మేక పెడదాం. మేక, అన్నం, గుమ్మడి. ఉల్లిపాయ వద్దు. ఉప్పూ మిరియాలూ పైన అల్మరాలో ఉంటాయి, కావలసినవాళ్ళు అక్కడే నిలబడి చల్లుకుంటారు."

ఆమె వేళ్ళు ముడిచేసింది. "ఈ చర్చి కట్టినప్పటి నుంచి చావుకి హ్యామే పెట్టారు. మా తాతకి హ్యామ్. మా అమ్మకి హ్యామ్. తుఫాన్లో కరెంటు పోయినప్పుడు కూడా, చల్లటి హ్యామ్."

"లవాన్‌కి హ్యామ్ అంటే పడదు," అన్నాను.

"మా లవాన్‌కా? ప్రతి క్రిస్మస్‌కీ రెండు ముక్కలు తినేది!"

"మీ అమ్మ నొచ్చుకుంటుందని. ఇంటికొచ్చి సోడా తాగేది."

ఆర్డిస్ నోరు తెరిచి నన్నే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "దొంగది! ఎంత దొంగది! నలభై ఏళ్ళు!" అంటూ బల్ల చరిచి, కళ్ళజోడు తీసి నవ్వింది. నేనూ నవ్వాను. కాస్పర్ లేచి మా చుట్టూ తిరిగి మొరిగాడు.

మే 7

ఆడవాళ్ళ కమిటీలో ఓటు పెట్టారు. మేక గెలిచింది. వ్యతిరేకించిన ఒక్కావిడ అన్నం తాను వండుతానంది.

మే 10

హోదన్ కొట్టు.

"ఇంత మాంసమా? ఎన్ని కుక్కల్ని పెంచుతున్నారు బాబాయ్?"

"ఒక్క కుక్క. ఒక చర్చి నిండా లూథరన్లు."

"వాళ్ళదీ కొవ్వు తీసెయ్యాలా?"

"తీసెయ్యాలి. ఉల్లిపాయ కూడా వెయ్యం."

"పాపం లూథరన్లు," అంది.

ఎందుకో చెప్పాను. తెర తొలగించుకుని వాళ్ళమ్మ బయటికి వచ్చింది. చిన్న మనిషి, కర్ర సాయంతో. నన్ను కింది నుంచి పైదాకా చూసి కూతురితో ఏదో అంది.

"మార్చిలో తెర సందులోంచి చూసినప్పటికంటే ఒళ్ళు చేశారంటోంది. ఆవిడ పేరేమిటని అడుగుతోంది, పోయినావిడ."

"లవాన్."

పెద్దావిడ ఆ పేరు నోట్లో రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత కర్రతో వేలాడుతున్న తొడను చూపించింది. తాను దాచుకున్నదట. అది కూడా కట్టించింది.

మే 11

మధ్యాహ్నం కాస్పర్‌తో చర్చి నుంచి శ్మశానం దాకా నడిచి చూశాను. ఎత్తు దారి. వాడు ముందు పరిగెత్తి, వెనక్కి వచ్చి, మళ్ళీ పరిగెత్తాడు. ఆయాసపడింది నేను. గొయ్యి తవ్వి సిద్ధంగా ఉంచారు. మట్టి నల్లగా, మెత్తగా ఉంది. వాడు అంచున నిలబడి వాసన చూశాడు. పిలిస్తే వచ్చాడు. వాడి నల్లటి ఒళ్ళు ఎండకు మెరుస్తోంది. వీపు మీద చెయ్యి వేసి నొక్కి చూశాను. వెన్నుపూస దొరకలేదు.

మాంసం చర్చి ఫ్రిజ్‌లో ఉంది. రేపు ఆ హాల్లో ఎవరు వాడి మీద జాలిపడి బల్ల కింద ఏం పడేసినా నాకు భయం లేదు.

రేపు పొద్దున అందరికంటే ముందు లేచి, కాస్పర్‌కి పెట్టి, నేనూ తిని, వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి చర్చి వంటగది తలుపు తీస్తాను. పెద్ద గిన్నెలు రెండూ పొయ్యి మీదికి ఎక్కిస్తాను.